ఫ్రీ బస్సు, నాన్న ఆటో

ప్రశ్న:

అమ్మా, నేను తెనాలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా మెయిన్ సబ్జెక్టు ఎకనామిక్స్. మా ఊరు తెనాలికి 14 కిలోమీటర్లు. నాన్న ఆ దారిలోనే షేర్ ఆటో నడుపుతారు, మనిషికి 30 రూపాయలు. తాతయ్య తెనాలిలో రిక్షా తొక్కేవారు. అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున నాన్న ఆటోలోనే వెళ్తుంది. రాత్రి షాపు కట్టేసేసరికి నాన్న ఇంటికి వచ్చేస్తారు కాబట్టి ఇంకో ఆటోలో డబ్బులిచ్చి వచ్చేది. ఇప్పుడు బస్సులో వస్తోంది. నాకూ బస్‌పాస్ ఖర్చు తప్పింది.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక నాన్నకు రోజుకు చేతిలో మిగిలేది 900 నుంచి 600కి పడిపోయింది. అక్టోబర్‌లో ప్రభుత్వం వేసిన 15 వేలు ఇన్సూరెన్సుకీ, ఫిట్‌నెస్‌కీ సరిపోయాయి. ఆటో మీద ఇంకా అప్పుంది. పోయిన నెల క్లాసులో మా సార్ ఉచిత పథకాల మీద చర్చ పెట్టారు. ఉచితాలతో రాష్ట్రం దివాలా తీస్తుందని ఆయన అన్నారు. నేను లేచి ఫ్రీ బస్సు మంచి పథకమని మాట్లాడాను. "మరి ఆటోవాళ్ల సంగతేంటి?" అని ఎవరో అడిగితే, "వాళ్లు వేరే పని చూసుకుంటారు, మార్కెట్ అంటే అంతే" అనేశాను. మా ఊరి అబ్బాయి ఒకడు అదే క్లాసు. ఆ మాట సాయంత్రానికి ఆటో స్టాండుకు చేరింది.

ఆ రోజు నాన్న అన్నం తినేటప్పుడు "వేరే పని ఏదో నువ్వే చెప్పు అమ్మలూ" అన్నారు. అంతే. తర్వాత ఆ మాట ఎత్తలేదు, నాతో సరిగా మాట్లాడటమూ లేదు. మూడు వారాలైంది. నాన్న ఆటో చప్పుడు సందు మొదట్లో వినపడగానే పుస్తకం తెరిచి కూర్చుంటున్నాను, మాట్లాడాల్సిన అవసరం రాకుండా. నా అభిప్రాయం తప్పా? "మనం పన్ను కట్టేవాళ్లమా, మనకెందుకివన్నీ" అంటోంది నా ఫ్రెండ్. చదువు అయ్యేదాకా ఇలాంటివి మాట్లాడకుండా ఉండటమే మంచిదా? నాన్నతో ఎలా మాట్లాడను?

సమాధానం:

అమ్మలూ, మీ నాన్న పిలిచిన పేరుతోనే నేనూ పిలుస్తాను, ఏమీ అనుకోకు.

నువ్వడిగిన వాటిలో నీ ఫ్రెండ్ మాట సంగతి తేలిక, ముందు అది చెబుతాను. చదువు అయ్యేదాకా ఆగక్కర్లేదు. పన్ను కట్టనివాళ్లు ఈ దేశంలో లేరు. నువ్వు ఫోనుకు 299 రూపాయల రీచార్జ్ చేయిస్తే, 18 శాతం లెక్కన అందులో 45 రూపాయల పైన జీఎస్టీయే. మీ నాన్న పోయించే ప్రతి లీటరు డీజిల్‌లో కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం ఉంది, రాష్ట్రం వేసే వ్యాట్ ఉంది. పెట్రోలు, డీజిలు ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు. ఆంధ్రలో డీజిల్ పక్కనున్న కర్ణాటకలో కంటే ఖరీదు, అందుకే సరిహద్దు దాటే లారీలవాళ్లు అటువైపే ట్యాంకు నింపుకుంటారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు తక్కువమంది. అది చూసి మిగతావాళ్లంతా ఎవరి సొమ్మో తింటున్నారని అనుకోవడం నాకు ఎప్పుడు విన్నా బాధనిపిస్తుంది. మీ నాన్న రోజంతా ఎండలో తిరిగి డీజిల్ కొన్న ప్రతిసారీ ఖజానాలో కొంత వేసి వస్తున్నారు. ఆ డబ్బుతో ఏం చేస్తున్నారని అడిగే హక్కు ఆయనకుంది, నీకూ ఉంది.

ఇక మీ సార్ మాట. దాన్ని తోసిపుచ్చకు, అలాగని మొత్తం మింగేయకు కూడా.

ముందు "ఉచితం" అన్న మాటనే పట్టుకుని చూడు. యూరియా బస్తా, 45 కిలోలది, రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తోంది. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మిగతాది కేంద్రం భరిస్తుంది. దాన్ని సబ్సిడీ అంటారు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల ఆదాయపు పన్నును, ఇతర మినహాయింపులు వదులుకునేవాళ్లకు, 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రూపాయల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే ఆ రోజు చెప్పింది. దాన్ని ప్రోత్సాహకం అన్నారు. ఒక ఇల్లాలు బస్సెక్కితే మాత్రం ఉచితం అంటున్నారు. మూడూ ఖజానాకు తగ్గే డబ్బే. కంపెనీలకు తగ్గించడం తప్పని నేను అనడం లేదు, దానికీ కారణాలు చెప్పారు, వాదించేవాళ్లున్నారు. ఒకే కొలబద్దతో అన్నింటినీ కొలవమంటున్నాను. ఏది సంక్షేమం, ఏది ఓటు కోసం పంచే తాయిలం అన్నది తేల్చడం సుప్రీంకోర్టుకే కష్టమైంది. 2022 ఆగస్టు 26న, జస్టిస్ ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఆఖరి రోజున, ఆయన బెంచి ఉచిత హామీల మీద వేసిన కేసును ముగ్గురు జడ్జిల బెంచికి పంపించింది. అంత చిక్కు ముడిని మీ క్లాసులో ముప్పావు గంటలో విప్పాలని చూశారు, అందుకే ఇంత గొడవైంది.

అయితే మీ సార్ మాటలో నిజం కూడా ఉంది, అది మన రాష్ట్రమే చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1983లో తాను మొదలుపెట్టిన 2 రూపాయల కిలో బియ్యాన్ని మళ్లీ తెచ్చారు, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. రెండూ ఆడవాళ్లు కోరుకున్నవే, రెండూ మంచివే. కానీ ఒకటి ఖర్చు పెంచేది, రెండోది రాబడి తగ్గించేది. రెండూ ఒకేసారి మోయడం ఖజానా వల్ల కాలేదు. ఆయన తర్వాత వచ్చిన ప్రభుత్వం 1996లో బియ్యం కిలో 3 రూపాయల 50 పైసలు చేసింది, 1997లో మద్యనిషేధం ఎత్తేసింది.

నాకు ఆ రోజులు బాగా గుర్తు. అప్పుడే కొత్తగా బ్యాంకు ఉద్యోగంలో చేరాను. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఒకరోజు చౌకడిపో నుంచి సంచి నెత్తిన పెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. రేటు పెరిగినందుకు తిడుతుందనుకున్నాను. బియ్యం ఇంకో రూపాయి పెంచుకున్నా సర్దుకుంటాం, మందు షాపులు మాత్రం మళ్లీ తెరవకుండా ఉంటే చాలు అంది. ఏది ముఖ్యం, దేనికోసం దేన్ని వదులుకోవచ్చు అన్నది ఆవిడ తేల్చుకుంది. ఆవిడను ఎవరూ అడగలేదు. రెండు మంచి పనుల్లో ఒకదాన్నే చేయగలిగితే ఏది చేయాలన్న ప్రశ్న మీ పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంటుంది. పేజీ మీద అది చాలా తేలిగ్గా కనిపిస్తుంది.

కాబట్టి మీ సార్ "డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగితే, అది అడగాల్సిన ప్రశ్నే. "ఉచితం కాబట్టి చెడ్డది" అంటే మాత్రం ఒప్పుకోకు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఒక నోటు పుస్తకం తీసుకో. దాని మీద 12 శాతం ఉండే జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, ఆ మేరకు నీకు లాభమే. మీ నాన్న నష్టాన్ని ఒక పేజీలో వేద్దాం. నువ్వు రాసిన అంకెలతో, నాకు తోచిన ఒకటి రెండు కలిపి వేస్తున్నాను.

ఆయనకు రోజుకు 300 తగ్గింది. అంటే ఎంతమంది ప్రయాణికులు తగ్గి ఉంటారు? 16 మంది తగ్గారనుకో. 16 ముప్పైలు 480. ట్రిప్పులు తగ్గాయి కాబట్టి డీజిల్ ఒక 180 మిగిలిందనుకో. 480లో 180 పోతే 300. ఇది మీ నాన్న వైపు. అటువైపు చూడు. ఆ 16 మంది ఆడవాళ్ల చేతిలో 480 మిగిలింది. వాళ్లకు 480 మిగిలి, మీ నాన్నకు 300 పోతే, మధ్యలో ఉన్న 180 ఎక్కడిది? తగలబడకుండా మిగిలిన డీజిల్‌ది. ఆ బస్సు ఎలాగూ ఆ దారిలో పోతోంది. సీటు ఖాళీగా ఉంటే, అందులో ఇంకో మనిషి కూర్చున్నందుకు పెద్దగా ఖర్చేమీ పెరగదు. పథకం మంచిదని నువ్వు క్లాసులో వాదించావే, ఆ వాదన నిలబడేది ఇక్కడ. మిగతా 300 కేవలం ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారిన డబ్బు. దేశానికి కొత్తగా ఏమీ పుట్టలేదు, ఏమీ పోలేదు.

సీటు ఖాళీగా ఉంటేనే సుమా. బస్సు కిక్కిరిసి, ఫుట్‌బోర్డు మీద కాలేజీ పిల్లలు వేలాడుతుంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఇంకో బస్సు వేయాలి, దానికి డ్రైవరు, కండక్టరు, డీజిలు కావాలి. 2020 జనవరి నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులే, వాళ్ల జీతాలు ఖజానా మీదే. ఇదివరకు టికెట్ కొనుక్కుని బస్సెక్కిన ఆడవాళ్ల చార్జీ డబ్బు కూడా ఇప్పుడు ప్రభుత్వమే భరించాలి. బస్సు వేయకుండా జనాన్ని మాత్రం ఎక్కిస్తే, ఆ ఖర్చు నిలబడి ప్రయాణం చేసే ముసలివాళ్ల మోకాళ్ల మీద పడుతుంది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. నువ్వు రోజూ ఎక్కే బస్సులో పొద్దున ఎనిమిదిన్నరకు ఎన్ని సీట్లు ఖాళీగా ఉంటాయి, మధ్యాహ్నం రెండింటికి ఎన్ని ఉంటాయి, ఒక వారం పాటు రాసుకో. ఈ విషయంలో నీకున్న వీలు మీ సార్‌కి లేదు, నాకూ లేదు.

ఆ పేజీలో ఇంకొకటి రాయాలి, దానికి అంకె వేయడం నాకూ చేతకాదు. పోయిన సంక్రాంతి ముందు నేను ఒక పల్లెవెలుగు బస్సులో వెళ్తున్నాను. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది. కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెడితే దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగు చివర ముడి వేసుకుంది. దిగేటప్పుడు దాన్ని అడగరని చెప్పాను. అయినా ఉండనీ అంది. బీపీ మాత్రల కోసం ప్రతి నెలా పెద్దాసుపత్రికి వెళ్తోందట. ఇదివరకు అయితే మాత్రలు అయిపోయాక కొడుకును చార్జీ డబ్బులు అడగలేక పది రోజులు, పదిహేను రోజులు మానేసేదట. ఈవిడ మీ నాన్న ఆటోలోంచి బస్సులోకి మారిన మనిషి కాదు. ఇదివరకు ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. ఈవిడ వల్ల ఏ ఆటోవాడికీ పైసా నష్టం లేదు. ఫ్రీ బస్సు వల్ల కొత్తగా కదిలిన ఇలాంటివాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టే ఆ పథకం ఎంత గొప్పదో తేలుతుందని నా నమ్మకం. తెనాలిలో షాపు ఉద్యోగానికి కొత్తగా చేరిన ఆడపిల్లలు, పక్క మండలంలో కూతుర్ని చూసి రాగలుగుతున్న తల్లులు, వీళ్లను లెక్కలో వేసుకోకుండా దివాలా అనేవాళ్లు సగం పేజీయే చదివినట్టు.

మీ నాన్న వరుస రాయకుండా పథకం మంచిదన్నప్పుడు నువ్వు చదివిందీ సగం పేజీయే.

ఆ 480 రూపాయలు 16 మందికి పంచుకుపోయాయి, ఒక్కొక్కరికి 30. ఆ 300 నష్టం మాత్రం ఒక్క మనిషి మీద పడింది. లాభం పొందినవాళ్లకు అది రోజుకు ఒక కాఫీ, ఒక ఆకుకూర కట్ట. నష్టపోయినవాడికి అది నెల వాయిదా. మీ ఇంటి లెక్కే చూడు. నెలకు 26 రోజులు పని అనుకుంటే నాన్నకు తగ్గింది 7,800. అమ్మకు మిగిలింది 780. ఆ 15 వేలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,250. నీ బస్‌పాస్ డబ్బులు కూడా కలుపుకున్నా ఇంట్లోకి వచ్చేది 5 వేలకు పైనే తగ్గింది. చాలామందికి మేలు చేసిన పథకం మీ ఇంటికి కీడు చేసింది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకదాన్ని నమ్మాలంటే రెండోదాన్ని కాదనాల్సిన పని లేదు. నీ అభిప్రాయం తప్పా అని అడిగావు. తప్పు కాదు, పూర్తి కాలేదు.

టమాటా గుర్తుందా? 2023 జులైలో కిలో 150 దాటినప్పుడు పట్నంలో అందరూ ధర పెరిగిందని గోల పెట్టారు. అదే టమాటా కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, పత్తికొండ రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. అప్పుడు పట్నంలో ఎవరూ ధర తగ్గిందని బాధపడలేదు. ఒకరి ఖర్చు ఇంకొకరి సంపాదన. చార్జీ తగ్గిందని నువ్వు సంతోషించినప్పుడు, ఆ చార్జీ ఎవరి సంపాదనో మర్చిపోయావు, అదీ నీ ఇంట్లోనే ఉన్న మనిషి సంపాదన. మీ నాన్నకు గుచ్చుకున్నది అదే అయి ఉంటుంది.

"వేరే పని చూసుకుంటారు" అన్నావు. ఆ మాట పుస్తకాల్లో ఉంటుంది, నాకు తెలుసు. ఒక రంగంలో పని తగ్గితే కూలీలు ఇంకో రంగానికి మారతారని గీత గీసి చూపిస్తారు. ఆ గీత మీద మనిషి ఎన్నేళ్లు నడవాలో చెప్పరు. మీ తాతగారు రిక్షా తొక్కారని రాశావు. ఆయన రిక్షాను ఏం తీసేసింది? ఆటోనే. అంటే ఈ మార్పు మీ ఇంటికి కొత్త కాదు. తాతగారు ఆటో కొనలేదు, కొన్నది మీ నాన్న. మధ్యలో ఒక తరం పట్టింది. నేను బ్యాంకులో ఉన్నప్పుడు ఆటో అప్పుల కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చేవి. జామీను సంతకం కోసం బావమరిదిని బతిమాలి తెచ్చుకున్నవాళ్లను చూశాను. భార్య పుస్తెల తాడు తాకట్టు పెట్టి మార్జిన్ డబ్బు, అంటే బండి ధరలో తమ వాటా, కట్టినవాళ్లున్నారు. బండి తాళం చేతికొచ్చిన రోజు నిమ్మకాయలు కట్టి, బ్యాంకు ముందుకే తెచ్చి మాకు మిఠాయి పెట్టినవాళ్లున్నారు. మూడు నెలలు వాయిదా ఆగితే నోటీసు మీద సంతకం పెట్టింది కూడా నేనే. ఆ మిఠాయి తిన్న చేత్తోనే. అలాంటి మనిషికి నలభై ఏళ్లు దాటాక, బండి మీద అప్పు ఉండగానే, "వేరే పని" ఎక్కడుంది? నువ్వు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు అన్నావు.

ప్రభుత్వం కూడా ఈ సంగతి కొంత గుర్తించింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఫ్రీ బస్సు మొదలైంది. అక్టోబర్ 4న సొంత ఆటో ఉన్న డ్రైవర్లకు 15 వేల చొప్పున వేశారు. అది మంచి పనే అని నేను మనస్ఫూర్తిగా అంటాను, ఎందుకంటే నష్టపోయినవాళ్లను ప్రభుత్వాలు చాలాసార్లు అసలు చూడనే చూడవు. కానీ ఏడాదికి 93 వేలు తగ్గిన ఇంటికి 15 వేలు ఎంత? బస్సు తిరగని దారిలో ఆటో నడిపేవాడికీ అంతే, రోజుకు ఆరు బస్సులు తిరిగే దారిలో నడిపే మీ నాన్నకీ అంతే. అద్దెకు ఆటో తీసుకుని నడిపేవాడి సంగతేంటి? ఇవి అడుగు. ఆటో అప్పు వాయిదాలను ఒక ఏడాది వెనక్కి జరపొచ్చు కదా, బస్సు ఆగే మెయిన్ రోడ్డు నుంచి లోపలి ఊళ్లకు నడిపే ఆటోలకు ఏదైనా ఏర్పాటు చేయొచ్చు కదా అని అడుగు. స్త్రీశక్తి మంచిదా కాదా అని అరుచుకోవడం కంటే వీటి మీద మాట్లాడితే ఎవరికైనా పనికొస్తుంది. మీ సార్ ఒప్పుకుంటే ఈసారి క్లాసులో ఈ చర్చ పెట్టమను.

నాన్నతో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. దీని కోసమే నువ్వు ఉత్తరం రాశావని నాకనిపించింది.

నీ అభిప్రాయాన్ని వెనక్కి తీసుకోవద్దు. ఆయన్ని ఓదార్చడానికి "ఫ్రీ బస్సు చెడ్డది నాన్నా" అని అబద్ధం చెబితే ఆయనకు తెలిసిపోతుంది. పైగా రాత్రిపూట భార్య క్షేమంగా బస్సులో వస్తోందన్న నిశ్చింత ఆయనకూ ఉండి ఉంటుంది. వెనక్కి తీసుకోవాల్సింది ఒక్క మాటే, "వేరే పని చూసుకుంటారు" అన్నది. అదీ వంటింట్లోంచి అమ్మ చేత చెప్పించకు. నువ్వే చెప్పు. "ఆ రోజు క్లాసులో తెలియక అన్నాను నాన్నా" అంటే చాలు. వెంటనే ఆయన ఏమీ అనకపోవచ్చు. మూడు వారాల మౌనం ఒక్క మాటతో కరగదు. కంగారు పడకు.

ఒక శనివారం కాలేజీ లేనప్పుడు పొద్దున్నే ఆయనతో పాటు ఆటోలో వెళ్లు. ఒక రోజంతా. ఎందుకని అడిగితే, ఫ్రీ బస్సు మీద లెక్క వేస్తున్నాను, మీ దగ్గర నేర్చుకోవాలి అని చెప్పు. అది నిజం కూడా. ముందు సీటులో ఆయన పక్కన కూర్చో. స్టాండులో వంతు కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చూడు. నలుగురే ఎక్కితే బయల్దేరాలా, ఇంకో ఇద్దరి కోసం ఆగాలా అని ఆయన ఎలా తేల్చుకుంటారో అడుగు. ఆగితే ఎక్కినవాళ్లు దిగిపోతారు, ఆగకపోతే డీజిల్ గిట్టదు. అది మీ మైక్రో ఎకనామిక్స్ పేపరులో వచ్చే ఏ లెక్కకూ తీసిపోదు, ఆయన రోజుకు పదిసార్లు చేస్తున్నారు. బస్సు ఏ టైముకు వస్తుందో ఆయనకు కండక్టర్ కంటే బాగా తెలిసి ఉంటుంది. బస్సు వెళ్లిన పావుగంటకు వచ్చే జనం ఎవరు, సామాన్లతో వచ్చేవాళ్లు ఎవరు, మగవాళ్లు ఎంతమంది, ఇదంతా ఆయన నోటితో చెబుతుంటే రాసుకో. మధ్యలో వాదించకు. ప్రభుత్వాన్ని తిడితే తిట్టనివ్వు. చెప్పేది అయ్యాక, బీపీ మాత్రల పెద్దావిడలాంటివాళ్లు మన ఊళ్లో ఎవరైనా ఉన్నారా నాన్నా అని నువ్వొక్క ప్రశ్న అడుగు. ఉంటే ఆయనే చెబుతారు. ఇన్నాళ్లూ ఊరివాళ్లను ఆస్పత్రులకు చేరవేసింది ఆయనే కదా, డబ్బుల్లేకుండా ఎక్కించుకున్న రోజులు ఎన్నో ఉండి ఉంటాయి.

అభిప్రాయాలు రాసుకునే అలవాటు పెట్టుకో. తేదీ వేసి, ఏమనుకుంటున్నావో రాసి, కింద ఒక వాక్యం ఉంచు: ఏం తెలిస్తే నేను మనసు మార్చుకుంటాను? ఫ్రీ బస్సు గురించి నా నోటుబుక్కులో ఇలా ఉంది: "ఆస్పత్రికి, పనికి కొత్తగా వెళ్లేవాళ్లు పెద్దగా లేరని, ఆటోలోంచి బస్సులోకి మారినవాళ్లే దాదాపు అందరూ అని తేలితే నా మాట మార్చుకుంటాను." ఇంతవరకు నాకు అలా తేలలేదు. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మొదట్లో తలనొప్పిగా ఉంటాయి, పోను పోను అలవాటవుతుంది. వాట్సాప్‌లో వచ్చే అంకెల్ని మాత్రం వాటితో సరిచూడకుండా క్లాసులో వాడకు.

ఆ శనివారం డీజిల్ బంకు దగ్గర ఆగినప్పుడు బిల్లు అడిగి తీసుకుని నోటు పుస్తకంలో పెట్టుకో. నేను వేసిన 180 నా ఊహే, 16 మంది కూడా అంతే. అసలు అంకెలు మీ నాన్న దగ్గరున్నాయి. ఆయన్ని అడిగి ఆ రెండూ దిద్ది, పేజీ నాకు పంపు.